నేల మీది మాటలు – 9: ‘టేక్’ అనే చిన్న మాట, దాని పెద్ద కుటుంబం



పోయిన భాగంలో ‘ఇచ్చుడు’ గురించి రాశాను. 2014 ఆగస్టు 15న గోల్కొండ కోటలో మొదలైన మూడెకరాల పథకం దాకా వచ్చి ఆగాను. చదివినవాళ్లలో చాలామంది అడిగింది ఒకటే: ‘ఇచ్చుడు సరే అన్నా, తీసుకునుడు సంగతేంది?’ ఈ భాగం దాని గురించే. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి. పోటీ పరీక్షలకు తయారయ్యే తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం తప్పక చదవండి. సినోనిమ్స్ పేరుతో మీకు కోచింగ్‌లో చెప్పేది సగమే.

ఇంగ్లీషులో ‘టేక్’ చాలా చిన్న మాట. ఒకటో తరగతి పిల్లకు కూడా తెలుసు. పెద్ద నిఘంటువు తీసి చూస్తే మాత్రం పేజీలకు పేజీలు నడుస్తది. టేక్ రెస్ట్ అంటే పడుకో. టేక్ కేర్ అంటే పైలం. టేక్ ఎ బస్ అంటే బస్సెక్కు. టేక్ ఎ సీట్ అంటే కూర్చో (దొర ముందు మా తాతలకు ఆ మాట ఏ భాషలోనూ ఎవరూ చెప్పలేదు, అది వేరే సంగతి). టేకాఫ్ అంటే విమానం నేల విడిచి లేవడం. టేకోవర్ అంటే ఒకరి సంస్థ ఇంకొకరి చేతికి పోవడం. టేకెన్ అంటే సీటు నిండిపోయింది, వేరే చోటు చూసుకో.

దీని పుట్టుక కూడా తమాషాగా ఉంటది. ఈ మాట ఇంగ్లీషువాళ్ల సొంతం కాదు. పాత ఇంగ్లీషులో ‘తీసుకొను’ అనడానికి ‘నిమాన్’ అనే వేరే క్రియ ఉండేది. సముద్రం మీద నుంచి దాడులకు వచ్చి, దోచుకుని, కొందరు అక్కడే స్థిరపడిపోయిన వైకింగుల భాష నుంచి ‘టాకా’ వచ్చి, ఉన్న మాటను వెళ్లగొట్టి దాని జాగాలో కూర్చుంది. అంటే ఆ భాషలో ‘తీసుకోవడం’ అనే మాటనే బయటినుంచి వచ్చినవాళ్లు తెచ్చి పెట్టారు.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం.

శంషాబాద్ పేరు పాయిగా అమీరు షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదు నుంచి వచ్చిందంటారు. ఊరి పేరులోనే జాగీరు ఉంది. ఆ ఊరి పక్కన ఇప్పుడు సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం ఉంది. 2005 మార్చిలో పునాది రాయి వేశారు, 2008 మార్చిలో బేగంపేట మూసి దీన్ని తెరిచారు. దాని చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. మెహదీపట్నం నుంచి వచ్చేవాళ్లకు పీవీ పేరుతో 11.6 కిలోమీటర్ల ఎత్తు వంతెన. ఇదంతా గాలిలో కట్టలేదు. మామిడిపల్లి, గొల్లపల్లి వైపు జొన్న వేసిన చెలకలు, కూరగాయల మళ్లు, మేకలు మేసిన గుట్టలు దాని కింద ఉన్నాయి. అందులో పట్టా భూములున్నాయి, రికార్డుల్లో ‘సర్కారీ’ అని రాసి ఉన్న భూములున్నాయి. సర్కారీ అని రాసి ఉన్నంత మాత్రాన అది ఖాళీగా ఉన్నట్టు కాదని ఊళ్లలో పుట్టినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

ఈ చుట్టుపక్కల ఊళ్లలో ముసలోళ్లతో కూర్చుని మాట్లాడినప్పుడు నాకు ఎప్పుడూ ఒక వాక్యం తగులుతది. ‘మా భూమి ఎయిర్‌పోర్టుల పోయింది.’ ఇంకొకరు, ‘మాది రింగురోడ్డుల పోయింది.’ పోయింది! వాగులో పడి గొర్రె కొట్టుకుపోయినట్టు, జ్వరమొచ్చి మనిషి పోయినట్టు. తీసుకున్నవాడు ఆ వాక్యంలో ఎక్కడా లేడు. ఎవరు తీసుకున్నరు పెద్దమ్మా అని గుచ్చి అడిగితే ‘సర్కారోళ్లే, ఇంకెవరు’ అంటది, మళ్లీ రెండో వాక్యంలో ‘పోయింది’కే వస్తది. వలసపోయినప్పుడు, కరువొచ్చినప్పుడు వాడే క్రియనే కాగితం మీద సంతకం పెట్టి చేసిన పనికి కూడా వాడుకుంటున్నాం. మనం ఓడిపోయేది మొదట ఇక్కడ, మన నోట్లోనే.

సర్కారు తెలుగు ఇంకో తీరు. ‘సేకరణ’ అంటది. తేనె సేకరణ, తునికాకు సేకరణ, సంతకాల సేకరణ, భూసేకరణ. ఎక్కడో అడవిలో ఎవరిదీ కాకుండా పడి ఉన్నదాన్ని ఏరి బుట్టలో వేసుకున్నట్టు. ధాన్యం సేకరణ అన్నప్పుడైనా రైతు బస్తా తెచ్చి కాంటా మీద పెడతాడు. భూమిని ఎవరు తెచ్చి పెట్టారు? నోటీసుల్లో అయితే ‘తీసుకోబడును’, ‘స్వాధీనపరచుకొనబడును’ అని రాస్తరు. ఈ ‘బడు’ ఎంత మహత్తు గలదంటే, ఎంత పెద్ద కలెక్టరైనా దాని వెనక దాక్కోవచ్చు.

అమెరికావాళ్లను మెచ్చుకోవాల్సిన పని నాకు లేదు. మూలవాసుల నేల మొత్తం మింగి కట్టిన దేశం అది. అయినా వాళ్ల రాజ్యాంగం అయిదో సవరణలో ఈ పనికి ఉన్న క్రియ ఉన్నదున్నట్టు ‘టేక్’. న్యాయమైన పరిహారం లేకుండా ప్రజా అవసరానికి ప్రైవేటు ఆస్తి తీసుకోకూడదని రాసుకున్నారు. అక్కడి లా విద్యార్థులు ఆ అధ్యాయాన్ని ‘టేకింగ్స్’ అనే చదువుతారు. మన దగ్గర 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల నుంచి బయటికొచ్చి 300ఎ అధికరణంగా మారింది. అక్కడ క్రియ ‘డిప్రైవ్’. దాని కింద చట్టాల్లో, జీవోల్లో ఉన్న కుటుంబం పెద్దది: అక్వైర్, రిజ్యూమ్, ప్రొక్యూర్, పూల్, వెస్ట్. కోచింగ్ పుస్తకం లెక్కన చూస్తే వీటిలో చాలా వరకు ఒకే సామాను. భూమి లెక్కన చూస్తే ఒక్కొక్క దానికి ఒక్కొక్క రేటు.

‘అక్వైర్’ పట్టాదారుకు వాడే మాట. 1894 చట్టం కింద అయినా సరే, అక్వైర్ చేస్తే మార్కెట్ విలువ కట్టాలి, 1984 సవరణ తర్వాత దాని మీద 30 శాతం సొలేషియం ఇవ్వాలి, చాలదనుకుంటే కోర్టుకు పోయే దారి ఉంటది. అంటే ఈ క్రియ ఎదుటివాడిని యజమానిగా ఒప్పుకుంటది.

‘రిజ్యూమ్’ మనకు వాడే మాట. ‘రె’ అంటే లాటిన్‌లో మళ్లీ, ‘సూమెరె’ అంటే తీసుకోవడం. మళ్లీ తీసుకోవడం. అంటే ఇది ఎప్పుడూ మాదే, కొన్ని రోజులు నీ చేతిలో పెట్టాం, ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాం అని. కంపెనీ దొరల కాలంలో బెంగాల్లో పన్ను లేని భూములను మళ్లీ పన్ను కిందికి తెచ్చిన తతంగాన్ని ‘రిజంప్షన్’ అనే పిలిచారు. రాజు జాగీరు ఇచ్చిండు, రాజు తీసుకున్నడు. ఆ దర్బారు మాట, సంస్థానాలు పోయి జాగీర్లు రద్దయినంక కూడా, భూమిలేని నిరుపేదకు ఇచ్చిన రెండెకరాల మీద బతికే ఉంది. పాయిగాల జాగీరు 1949లో రద్దయింది కానీ దాని వ్యాకరణం రద్దు కాలేదు.

తెలంగాణలో మనం లావుని పట్టా అనో అసైన్డ్ అనో పిలిచే భూములకు 1958 నాటి జీవో 1406 నుంచే షరతులున్నాయి: అమ్మకూడదు, పైగా ప్రజా ప్రయోజనం కోసం సర్కారు అడిగితే పరిహారం లేకుండా వదిలిపెట్టాలనే షరతు పట్టా కాగితంలోనే. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. దాని ఉద్దేశం మంచిదే. పేదవాడి భూమిని షావుకారి కొనకుండా ఆపడం, కొన్నా వాడి దగ్గర నుంచి తీసి అసలు పేదవాడికే తిరిగి ఇవ్వడం, అది కుదరకపోతే సర్కారు వెనక్కి తీసుకుని ఇంకో భూమిలేని కుటుంబానికి ఇవ్వడం. ఆ చట్టంలో ‘రిజ్యూమ్’ పేదవాడి కోసం పెట్టిన మాట. 2007లో సవరణ చేసి, నోటిఫై చేసిన ప్రాంతాల్లో అట్లా వెనక్కి తీసుకున్న భూమిని ప్రజా ప్రయోజనానికి కూడా వాడుకోవచ్చని చేర్చారు. విమానాశ్రయం, ఔటర్ రింగ్ రోడ్డు కడుతూ ఎకరం రేటు కోట్లలోకి పోతున్న రోజులవి. మన కోసం పెట్టిన మాట మన మీదికే తిరిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట శంషాబాద్ దగ్గర మా సంఘం పిల్లలకు ఉద్యోగ దరఖాస్తులు రాయడం నేర్పుతుంటే బీకాం చదివిన ఒక చెల్లె ప్లాస్టిక్ కవర్ పట్టుకుని వచ్చింది. విమానాశ్రయంలో గ్రౌండ్ స్టాఫ్ పనికి పెట్టుకునే రెజ్యుమే అందులో ఉంది. దాని వెనక ఇంగ్లీషులో ఒక నోటీసు. ఏ ఊరు, ఏ కార్యాలయం అనేది ఇక్కడ వద్దు, వాళ్ల పని ఇంకా నడుస్తోంది. వాళ్ల తాతకు వచ్చిన నోటీసు అది. ‘బిడ్డా, ఇంగ్లీషు సదివినవు గదా, ఏం రాసిన్రు సూడు’ అన్నాడట. ఈ పిల్ల ఫోనులో ‘రిజ్యూమ్’ కొట్టింది. ‘పునఃప్రారంభించు’ అని వచ్చింది. ‘ఏదో మళ్లీ మొదలుపెడతరట తాతా’ అని చెప్పింది. ఆయన ఆగిపోయిన బోరు పథకం మళ్లీ వస్తుందేమో అనుకుని సంబరపడ్డాడు. జవాబు చెప్పుకోవడానికి ఇచ్చిన పదిహేను రోజుల్లో పదకొండు రోజులు ఆ సంబరంలోనే పోయాయి.

ఆ పిల్ల తప్పేముంది? నిఘంటువు తప్పు కూడా కాదు. ఆ మాటకు మొదటి అర్థం అదే. పరీక్షలో ఆ జవాబు రాస్తే మార్కు పడతది. భూమి ఉన్నవాళ్ల ఇళ్లలో ఇట్లాంటి కాగితం వస్తే చూసేవాడు ఒక వకీలు మేనమామో, రెవెన్యూలో పనిచేసిన పెదనాన్నో ఉంటడు. మన ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి పిల్ల ఉంటది, ఆమె చేతిలో ఫోను ఉంటది.

మిగిలిన నాలుగు రోజుల్లో మా వకీలు మిత్రుడు జవాబు తయారు చేశాడు. అందులో ఆయన మొట్టమొదట పెట్టిన పేరు మేకల పండు. లా చదివే పిల్లలకు తెలిసే ఉంటది, మిగతావాళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోండి. చేవెళ్ల డివిజన్ భూసేకరణ అధికారికీ మేకల పండుకూ మధ్య నడిచిన కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పెద్ద ధర్మాసనం తీర్పు చెప్పింది. అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనానికి తీసుకుంటే పట్టాదారుకు ఇచ్చినట్టే మార్కెట్ విలువ, దాని మీద సొలేషియం ఇవ్వాలి, దయతో ఇచ్చే ఎక్స్‌గ్రేషియా సరిపోదు అని. ‘షరతు పెట్టాం, వాళ్లు సంతకం పెట్టి ఒప్పుకున్నారు గదా’ అన్న సర్కారు వాదన నిలబడలేదు. చేతిలో ఏమీ లేనివాడికి ఒక మేలు చేస్తూ, అది కావాలంటే నీ రాజ్యాంగ హక్కు వదులుకో అని షరతు పెడితే ఆ షరతుకే విలువ లేదని కోర్టు చెప్పింది. మన రంగారెడ్డి జిల్లా నుంచే వచ్చిన తీర్పు ఇది. ఊళ్లో విగ్రహాలు పెట్టే ముందు ఈ తీర్పు తెలుగులో అచ్చేసి పంచాలని నేను చాలా సభల్లో అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

కానీ ఆ తీర్పు డబ్బు లెక్క మార్చింది, క్రియను మార్చలేదు. ఈనాటికీ కాగితాల్లో పట్టా భూమి ‘అక్వైర్’ అవుతది, అసైన్డ్ భూమి ‘రిజ్యూమ్’ అవుతది. క్రియ అట్లనే ఉన్నన్ని రోజులు కింది స్థాయి అధికారి మనసులో ‘ఇది సర్కారు భూమే గదా’ అనే ఆలోచన కూడా అట్లనే ఉంటది. ముచ్చర్ల ఫార్మా సిటీ దగ్గర పట్టాకు ఒక రేటు, అసైన్డ్‌కు అంతకన్నా తక్కువ రేటు కట్టింది ఈ ఆలోచనతోనే. అక్కడ అమరావతిలో ‘పూలింగ్’ అన్నారు, అంటే అందరం కలిసి ఒక కుండలో పోసుకుందాం అన్నట్టు. ఆ కుండలో కూడా మొదట పట్టా రైతుకు తిరిగి ఇచ్చే ప్లాటు ఒక కొలత, అసైన్డ్ రైతుకు తక్కువ కొలత. కలిపి వండినా వడ్డించేటప్పుడు గ్లాసులు రెండు.

‘ప్రొక్యూర్’ సంగతి తొందరగా చెప్పి ముందుకు పోతా. 2013 భూసేకరణ చట్టం వచ్చాక దాని నుంచి తప్పించుకోవడానికి 2015 జులైలో తెలంగాణ సర్కారు జీవో 123 తెచ్చింది. ఇష్టపడి అమ్మేవాళ్ల దగ్గర కొనుక్కుంటున్నాం, సేకరించట్లేదు అన్నది. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేశారు. తర్వాత అప్పీళ్లు, సవరణ జీవోలు చాలా నడిచాయి. నాకు ముఖ్యమైన సంగతి వేరే. ఆ కేసుతో కోర్టుకు పోయింది భూస్వాములు కాదు, జహీరాబాద్ నిమ్జ్ ప్రాంతంలోని వ్యవసాయ కూలీలు. భూమి కొనుక్కున్నాం అంటే భూమి ఉన్నవాడికి డబ్బు వస్తది. ఆ భూమిలో కలుపు తీసి బతికే ఆమె దగ్గర నుంచి మీరు ఏం ‘తీసుకున్నారు’? సర్కారు నిఘంటువులో ఏమీ తీసుకోలేదు, ఎందుకంటే ఆమె దగ్గర ఏమీ లేదు. శంషాబాద్‌లో 1894 చట్టం కింద నేల మారినప్పుడు కూలోళ్లు ఆ చట్టంలో ఎక్కడా కనపడలేదు. 2013 చట్టం మాత్రం మూడేళ్లుగా అక్కడ పని చేసి బతుకుతున్న భూమిలేని కుటుంబాన్ని కూడా ‘బాధిత కుటుంబం’ అన్నది. ఆ ఒక్క నిర్వచనం కోసమే చాలా సర్కార్లు ఆ చట్టాన్ని చూసి జడుసుకుంటాయని నా అనుమానం.

‘టేక్ పొసెషన్’ అనే ఇంకో మాట ఉంది. చేత్తో పట్టుకోవడం అనుకుంటాం. 2020 మార్చిలో ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, పంచనామా రాస్తే చాలు సర్కారు స్వాధీనం చేసుకున్నట్టే అన్నది. ఆ తర్వాత కూడా భూమిలో ఉన్న రైతు చొరబాటుదారు కింద లెక్క. నువ్వు పొద్దున్నే నాగలి కట్టుకుని పోయి దున్నుతూనే ఉంటావు, నీ భూమి ఆఫీసులో ఎప్పుడో తీసుకున్నారు. అదే ఏడాది తెలంగాణలో కొత్త పాసుపుస్తకాల చట్టం, ధరణి వచ్చి పహాణీలో ఉండే కాస్తు కాలమ్ తీసేశాయి. భూమి మీద నిజంగా ఎవరున్నారో చెప్పే గడి అది. మన తాతలకు కాగితం లేకపోయినా ఆ గడిలో పేరు ఉండేది.

‘అయితే ఏమంటవన్నా, సర్కారు భూమి తీసుకోనే కూడదా, ఎయిర్‌పోర్టు వద్దా?’ అని కొందరు విద్యార్థి మిత్రులు అడుగుతారు. నేను అట్లా అనను. బాబాసాహెబ్ 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో వ్యవసాయ భూమి మొత్తాన్ని రాజ్యం తీసుకోవాలని రాశారు. ఆయన వాడిన క్రియ కూడా ‘అక్వైర్’. యజమానులకు డిబెంచర్లు ఇచ్చి తీసుకోవాలి, ఆ భూమిని కులమతాల భేదం లేకుండా ఊరి జనానికే సాగుకు ఇవ్వాలి, ఆ ఊళ్లో భూస్వామీ ఉండొద్దు, కౌలుదారూ ఉండొద్దు, భూమిలేని కూలీ ఉండొద్దు అన్నారు. అదే క్రియ! తేడా దాని ముందూ వెనకా ఉంది. ఎవరి నుంచి, ఎవరికి. ఆయన ‘అక్వైర్’ దొర నుంచి కూలికి పోతది. మనం చూసిన ‘రిజ్యూమ్’ కూలి నుంచి బయలుదేరి లీజు కాగితం మీద కంపెనీకి పోతది. శంషాబాద్‌లో మొదట్లో కంపెనీ వాటా 63 శాతం, రాష్ట్ర ప్రభుత్వానిది 13 శాతం, కేంద్రం తరఫున ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది 13 శాతం, మలేసియా సంస్థది 11 శాతం. నేల ఇచ్చినవాడి వాటా గడి ఆ పట్టికలో లేదు. ఉద్యోగాలు వచ్చాయి గదా అంటారు. వచ్చాయి. మా పిల్లలు యూనిఫాం వేసుకుని ట్రాలీలు తోస్తున్నారు, ఫ్లోర్లు తుడుస్తున్నారు, కాంట్రాక్టర్ కింద. నేను ఆ పనిని తక్కువ చేయను. లెక్క మాత్రం అడుగుతాను.

ఇక పని మాట. మీ ఊళ్లో ఎవరికైనా నోటీసు వస్తే, చదవగలిగిన మొదటి మనిషి మీరే అయితే, ముందు క్రియ వెతకండి. రిజ్యూమ్ అని ఉంటే ఏ చట్టం, ఏ సెక్షన్ కింద అని చూడండి. 1977 చట్టం నాలుగో సెక్షన్ అయితే ‘మీరు అమ్మేశారు’ అనే ఆరోపణ దాని వెనక ఉందన్నమాట, జవాబు దానికి చెప్పాలి. సాగు ఫోటోలు, పాత పహాణీలు, శిస్తు రసీదులు తీయండి. ప్రజా ప్రయోజనం అని ఉంటే మేకల పండు తీర్పుతో పాటు 2013 చట్టంలో ‘భూ యజమాని’ నిర్వచనం చూపించండి. అసైన్డ్ భూములు కూడా అందులో ఉన్నాయి. ఆ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ స్థానిక భాషలో పంచాయతీలో పెట్టాలి, ప్రాంతీయ భాషా పత్రికలో వేయాలి, అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఉంటది. రాష్ట్రం తర్వాత తెచ్చిన సవరణ కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించింది, కాబట్టి మీ ప్రాజెక్టు ఏ గాటన ఉందో కనుక్కోండి. అంగీకార పత్రం మీద ఆ రోజే సంతకం పెట్టమంటే పెట్టొద్దు. నకలు అడగండి, ఇంటికి తెచ్చుకోండి, ఇంకొకరికి చూపించండి. ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ‘భూమి పోయింది’ అన్న ప్రతిసారీ ‘ఎవరు తీసుకున్నరు, ఏ తారీఖున, ఏ కాగితం మీద’ అని అడిగి రాసుకోండి. విసుక్కుంటరు. అయినా అడగండి.

వచ్చే భాగం ‘వెస్ట్’ అనే క్రియ మీద, అంటే ఇనాం భూముల మీద. నీరడి, సేత్‌సింధీ పనులకు ఇచ్చిన బలుత ఇనాంల పాత కాగితాలు మీ ఇళ్లలో ఉంటే ఫోటో తీసి పంపండి. ఉర్దూలో ఉన్నా పరవాలేదు, చదివే పెద్దాయన ఒకరు మనకు దొరికారు. పేర్లు, సర్వే నంబర్లు కప్పేసి పంపండి.

జై భీమ్.